నడవని బూట్లు

కారు వెనక లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి ఆర్డిస్ ట్రెయిలరు మెట్టు పక్కన ఒక జత మగవాడి బూట్లు ఉంటాయి. పెద్ద పాదాలవి. మడమలు బయటివైపుకి అరిగిపోయాయి, ఎడమదాని లేసు తెగితే ఎవరో కరెంటు తీగ ముక్కతో ముడేశారు. పక్కనే రెండు మడత కుర్చీలు, వాటి మధ్య కుక్క నీళ్లు తాగే గిన్నె. చూసినవాళ్లు లోపల ఒక భారీ మనిషీ, అతనికి తగ్గ కుక్కా ఉన్నారనుకోవాలి. అనుకునేవాళ్లు కూడా. నిజానికి లోపల డెబ్బై ఒక్క ఏళ్ల ఆర్డిస్ టోలెఫ్‌సన్ ఒక్కతే, ఒక్క కప్పుకి సరిపడా కాఫీ కాచుకుని కూర్చుని ఉండేది.

ఒంటరిగా ట్రెయిలరు లాక్కుంటూ తిరిగే ఆడవాళ్లందరికీ తెలిసిన కిటుకే ఇది. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఒకావిడ చెప్పింది. “కొత్తవి కొనకు. కొత్త బూట్లు చూస్తే దొంగక్కూడా నవ్వొస్తుంది. బాగా తొడిగి పారేసినవి వెతుక్కో.” ఆర్డిస్‌కి వెతుక్కునే అవసరం లేకపోయింది. మొగుడు లైల్ బూట్లు కారు వెనక సీటు కింద ఎక్కడ వదిలాడో అక్కడే ఉన్నాయి. గిన్నె మాత్రం కొంది. లేని మొగుడికి బూట్లు, లేని కుక్కకి గిన్నె. సంసారం నిండుగా కనిపించింది.

నార్త్ డకోటాలో వాళ్ల ఊళ్లో లైల్ పోయిన సంగతి తెలియనివాళ్లు లేరు. మే నెలలో, గోధుమ విత్తే రోజుల్లో, పక్కింటి రైతుకి సాయం వెళ్లి ట్రాక్టరు దిగుతూ పడిపోయాడు. మళ్లీ లేవలేదు. తర్వాత ఊరంతా ఆమెకి వండి పెట్టింది. చర్చిలో, కిరాణా కొట్లో, బ్యాంకులో ఎవరు పలకరించినా గొంతు తగ్గించి పలకరించేవాళ్లు. ఆ తగ్గించిన గొంతులు పడలేకే నవంబరు రాగానే కారుకి ట్రెయిలరు తగిలించుకుని దక్షిణానికి బయల్దేరింది. ప్రతి శీతాకాలం ఇద్దరూ వచ్చే చోటికే వచ్చింది. ఆరిజోనా అడుగున, మెక్సికో సరిహద్దుకి కాస్త ఇవతల, మెస్కీట్ వాగు క్యాంప్‌గ్రౌండ్. చేతులెత్తి నిలబడ్డ సగువారో జెముళ్లు, వాటి కింద ఒళ్లంతా ముళ్లున్న చోయా పొదలు, మధ్యలో ఎవరి స్థలం వాళ్లకి రాళ్లు పేర్చి హద్దు. వాళ్ల స్థలం పక్కనున్న సగువారోకి లైల్ ట్రాఫిక్ పోలీసని పేరు పెట్టాడు.

ఇక్కడ ఎవరికీ తెలియదు. చలికి పారిపోయి వచ్చే ముసలివాళ్ల తీరే అంత. ఒకరి మోకాలి ఆపరేషను సంగతి ఇంకొకరికి కుట్లతో సహా తెలుస్తుంది, ఫోను నంబరు మాత్రం తెలియదు. ఏప్రిల్లో విడిపోతారు, నవంబరులో ఎవరు తిరిగొస్తే వాళ్లు ఉన్నట్టు. కాబట్టి ఈ వాగు ఒడ్డున లైల్ ఇంకా చావలేదు. దొంగల కోసం పెట్టానని చెప్పుకున్న బూట్లు తనకోసమే పెట్టుకుందని ఆర్డిస్‌కి మొదటి వారంలోనే తెలిసిపోయింది. తెలిసినా లోపలికి తీయలేదు.

క్యాంప్‌గ్రౌండు చూసుకునే డెల్ఫీనా రోజూ సాయంత్రం తన చిన్న బ్యాటరీ బండిలో ఒక చుట్టు చుట్టి వెళ్తుంది. నలభై దాటిన మనిషి, నోరు పెద్దది, మనసూ పెద్దదే.

“ఏం ఆర్డిస్ గారూ, ఇద్దరూ బాగేనా?”

“బాగానే ఉన్నాం.”

ఉన్నాం అన్న మాట అనేటప్పుడు ఆర్డిస్‌కి హాయిగా ఉండేది. బండి వెళ్లిపోయాక ఉండేది కాదు. అబద్ధం పనిచేసింది, కాకపోతే మరీ బాగా పనిచేసింది. మొగుడూ పెళ్లాలు తలుపేసుకుని ఉంటే మధ్యలో దూరేదెవరు? అతనికి ఒంట్లో బాగాలేదేమోనని ఒకావిడ ఇద్దరికి సరిపడా బీన్స్ సూపు గడప దగ్గర పెట్టి, తలుపైనా కొట్టకుండా వెళ్లిపోయింది. ఆర్డిస్ దాన్ని రెండు పూటలు తింది. లోపల మగ గొంతు వినిపించాలని రేడియోలో లైల్‌కి ఇష్టమైన హాకీ ఆట పెట్టేది. ఆమెకి హాకీ అంటే చిరాకు. ఆ చిరాకు పడుతున్నంతసేపూ లైల్ పక్కనే ఉన్నట్టుండేది, అందుకే ఇంకా గట్టిగా పెట్టేది.

క్రిస్మస్‌కి ముందు పక్క స్థలంలోకి ఒక పాత మోటారు ఇల్లు వచ్చి ఆగింది. దాని ఆకుపచ్చ చారలు చూడగానే ఆర్డిస్ గుర్తుపట్టి చప్పున కుర్చీలోంచి లేచింది. అది వెండెల్ ప్రోహాస్కాది. నెబ్రాస్కా మనిషి, పెళ్లాం లేదు, పిల్లల్లేరు. లైల్‌తో పద్నాలుగు శీతాకాలాలు పేకాడినవాడు. చెక్క పలక మీద మేకులు గుచ్చుతూ లెక్క వేసే ఆట, క్రిబేజ్ అంటారు. ఆ పలక లేకుండా అతను ఎక్కడికీ పోడు.

“ఆర్డిస్. ఇంకా బతికే ఉన్నావన్నమాట.”

“నీకంటే ముందు పోతానా?”

అతను నవ్వాడు. నవ్వుతూనే కళ్లు బూట్ల మీదికి పోయాయి. నవ్వు తగ్గింది. “లైల్ ఏడీ?”

చెప్పాల్సిన మాట చిన్నదే. నోటిదాకా వచ్చింది కూడా. “పడుకున్నాడు,” అంది ఆర్డిస్.

“ఈ వేళప్పుడా?”

“మధ్యాహ్నం కునుకు అలవాటైంది.”

“మరి కుక్క?”

“అదీ పడుకుంది.”

“ఓహో,” అన్నాడు వెండెల్. “నేనొచ్చేసరికి ఇల్లంతా నిద్రపోయిందన్నమాట.” అతని మాటలో బాధ ఉంది. ఎందుకో ఆర్డిస్‌కి తెలుసు.

పోయిన శీతాకాలం చివర్లో లైల్‌కీ వెండెల్‌కీ జనరేటరు మీద గొడవైంది. ఇక్కడ అందరూ ప్రాణంలా చూసుకునే నియమం ఒక్కటే. సాయంత్రం ఆరు కొట్టాక ఎవరి జనరేటరూ మోగకూడదు. ఆరయ్యేసరికి ఒక్కొక్కటీ ఆగిపోతుంది, అప్పుడు ఎడారి వినిపిస్తుంది. ఆ రోజు వెండెల్‌ది ఆగలేదు. లైల్ కాసేపు ఓర్చాడు, తర్వాత లేచి వెళ్లి నలుగురూ చూస్తుండగా అతని తలుపు బాదాడు. పశువుల కొట్టంలో పెరిగావా, చెవులున్నాయా అని నోటికొచ్చింది అన్నాడు. వెండెల్ కిక్కురుమనకుండా జనరేటరు ఆపేశాడు. పొద్దున చూస్తే అతని స్థలం ఖాళీ.

అందుకే ఈ ఏడు వెండెల్ ఆరుకి చాలా ముందే ఆపేయడం మొదలుపెట్టాడు. ఆపి ఊరుకునేవాడు కాదు. బయటికొచ్చి దాని మూత టక్కున వేసి, ఇటు కిటికీ వైపు చూసేవాడు. పేకపలక తెచ్చి తన బల్ల మీద, ఇటువైపు వాళ్లకి కనిపించేలా పెట్టేవాడు. చీకటి పడ్డాక లోపలికి తీసుకెళ్లేవాడు. ఆర్డిస్ కర్టెను చాటునుంచి రోజూ ఇదంతా చూసేది. వెళ్లి చెప్పెయ్యాలని రోజూ అనుకునేది. చెప్తే ఒక మనిషి ఊరట పడతాడు. చెప్తే లైల్ ఇక్కడ కూడా పోతాడు. ఈ రెంటి మధ్యా ఆమె కాలు కదల్లేదు. మొహం చాటేస్తున్నది తానే అయినా, ఆ నింద పోయినవాడి మీద వేస్తున్నందుకు ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసేది.

ఒక సాయంత్రం పడమట మబ్బు పట్టింది. ఆర్డిస్ లోపల గిన్నెలు కడుగుతోంది, రేడియోలో ఆట నడుస్తోంది. బయట కంకర మీద అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

“లైల్,” అన్నాడు వెండెల్. “రేడియో వినిపిస్తోంది, మేలుకునే ఉన్నావు. నా మొహం చూడక్కర్లేదు, విను చాలు.”

ఆర్డిస్ చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి.

“ఆ రోజు నేను పొగరుతో ఆపలేదనుకున్నావు. రాత్రిళ్లు పడుకుంటే నాకు ఊపిరాడదురా. మిషను పెట్టుకోవాలి. దాని బ్యాటరీకి ఛార్జి ఎక్కలేదు, ఇంకాస్త ఎక్కనిద్దామని ఉంచా. నువ్వొచ్చి అంతమందిలో అడిగేసరికి, ముక్కుకి గొట్టం తగిలించుకుని పడుకుంటానని చెప్పడానికి సిగ్గేసింది. అంతే సంగతి. చెప్పాల్సింది. చెప్పకుండా పారిపోవడం నా తప్పే.”

రేడియోలో ఎవరో గోలు కొట్టారు. జనం అరుస్తున్నారు.

“సరే. రానంటే రాకు. వానొచ్చేలా ఉంది, నీ బూట్లు పందిరి కిందికి జరుపుతున్నా. తడిస్తే మళ్లీ నన్నే తిడతావు.”

ఎడారిలో బతికినవాళ్లెవరూ బూటుని ఊరికే ఎత్తరు. తేళ్లుంటాయని బోర్లించి ఒకసారి దులుపుతారు. వెండెల్ చేతులు అలవాటుకొద్దీ అదే పని చేశాయి. మరుక్షణం అతను బాధతో మూలిగాడు. ఆర్డిస్ తడి చేతులతోనే తలుపు తీసింది.

బూట్లోంచి చోయా ముళ్లకాయలు దొర్లుకుంటూ పడ్డాయి. ఒకటీ రెండూ కాదు, కుప్ప. వాటితోపాటు సీసా మూత ఒకటి, ఎండు పుల్లలు, ఎవరిదో చెవిపోగు. దొరికినదల్లా మోసుకొచ్చి గూడు కట్టే ఎడారి ఎలుక లైల్ బూట్లో కాపురం పెట్టింది. ఒక ముళ్లకాయ వెండెల్ అరచేతికి కరిచిపట్టుకుంది.

“కదలకు. లాగకు,” అని ఆర్డిస్ దువ్వెన తెచ్చింది. ఇక్కడ జుట్టు లేనివాడి జేబులో కూడా దువ్వెన ఉండేది ఇందుకే. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, రెండో కుర్చీలో తాను కూర్చుని, అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. ముళ్లకీ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి ఒక్కసారి విదిలిస్తే కాయ ఊడి దూరంగా పడింది. మిగిలిన ముళ్లు పట్టకారుతో ఒక్కొక్కటే తీస్తోంది. మే నెల తర్వాత ఆమె ఇంకో మనిషి చెయ్యి ఇంతసేపు పట్టుకోవడం ఇదే.

వెండెల్ తన చెయ్యి చూసుకోవడం లేదు. ఆ కుప్పనే చూస్తున్నాడు. “ఆర్డిస్, ఇంత పోగు చెయ్యడానికి ఎలుకకి చాలా రోజులు పడుతుంది.”

“అవును.”

“వీటిని ఎవరూ తొడుక్కోవడం లేదు.”

ఆర్డిస్ ఇంకో ముల్లు తీసింది. “లైల్ లేడు, వెండెల్. మేలో పోయాడు.”

ఆ మాట ఆమె నోటితో అనడం అదే మొదటిసారి. ఊళ్లో ఎవరికీ చెప్పాల్సిన పనే పడలేదు, ఆమెకంటే ముందే అందరికీ తెలిసిపోయింది. అన్నాక ఏదో అవుతుందనుకుంది. ఏమీ కాలేదు. రేడియో వాగుతూనే ఉంది.

“మరి నేనింతసేపూ ఎవరితో...” అని వెండెల్ ఆగిపోయాడు.

“నాతో. అన్నీ విన్నాను. మొదటి రోజే చెప్పాల్సింది, నాకు చేతకాలేదు. నన్ను తిట్టు.”

అతను తిట్టలేదు. “నా మీద కోపంతోనే పోయాడా?” అని అడిగాడు.

“నీ మిషను సంగతి ఆ రాత్రే డెల్ఫీనా మాకు చెప్పింది. ఆయన నిద్రపోలేదు. పొద్దున్నే లేచి పెనం మీద మందంగా ప్యాన్‌కేకులు పోశాడు, జన్మలో ఎప్పుడూ పొయ్యి ముట్టనివాడు. ప్లేటు పట్టుకుని నీ దగ్గరికి వచ్చాడు. నువ్వు వెళ్లిపోయావు. ఆ ఖాళీ స్థలంలో ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. నేను పిలిచేదాకా నిలబడే ఉన్నాడు.”

వెండెల్ రెండో చేత్తో కళ్లు కప్పుకున్నాడు. ముళ్లన్నీ వచ్చేశాక కూడా ఆర్డిస్ అతని చెయ్యి వదల్లేదు. వాన నాలుగు చినుకులు పడి పోయింది.

తర్వాత రెండు సాయంత్రాలు వాళ్లిద్దరూ అవే కుర్చీల్లో కూర్చున్నారు. ఆరు కొట్టే ముందు వెండెల్ లేచి వెళ్లి జనరేటరు ఆపి, ఇటు చూసి, తల దించుకుని వచ్చేవాడు.

“ఇక్కడ ఉండలేను, ఆర్డిస్,” అన్నాడు రెండో రోజు. “టక్కున మూత వేస్తాను. చూసేవాడు లేడు.”

ఉండమని ఆమెకి అనాలనిపించింది. అనలేదు. మర్నాడు పొద్దున్నే ప్యాన్‌కేకులు పోసింది. బయట ఇంజను చప్పుడు విని ప్లేటు పట్టుకుని గబగబా వచ్చింది, ఈసారి కూడా ఆలస్యమైందేమోనని భయపడుతూ. అతను వెళ్లలేదు. ఇంజను నడుస్తోంది, అతను మాత్రం కిందికి దిగి ఆమె హద్దు రాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఈసారి చెప్పి వెళ్దామని,” అన్నాడు. ప్యాన్‌కేకులు నిలబడే తిన్నాడు, ఒక్క ముక్క మిగల్చలేదు. పేకపలక ఆమె బల్ల మీద పెట్టాడు.

“నాకు ఆట రాదు.”

“లైల్‌కీ రాదు. పద్నాలుగేళ్లూ నేనే గెలిచాను. నేర్చుకో, వచ్చే ఏడు నిన్నూ ఓడిస్తా.”

ఇద్దరికీ తెలుసు, వచ్చే ఏడనేది ఎవరి చేతుల్లోనూ లేదు. ఆకుపచ్చ చారల బండి మలుపు తిరిగేదాకా ఆర్డిస్ చూస్తూ నిలబడింది. తర్వాత ఆ రోజంతా ఆమెకి చెయ్యడానికి ఏ పనీ లేదు. రేడియో పెట్టలేదు.

సాయంత్రం ఆరుకి జనరేటర్లన్నీ ఆగాక డెల్ఫీనా బండి వచ్చింది.

“ఏం ఆర్డిస్ గారూ, ఇద్దరూ బాగేనా?”

“ఒక్కదాన్నే, డెల్ఫీనా. నేనొక్కదాన్నే.”

డెల్ఫీనా బండి ఆపింది. “తెలుసు,” అంది. “మీరు చెప్తే విందామని రోజూ అడుగుతున్నా.”

“ఎప్పటినుంచి తెలుసు?”

“వచ్చిన వారానికి. ఇక్కడికి మంచివాళ్లే కాదు, అందరూ వస్తారు. అందుకని బూట్లు బయటే ఉంచండి. కాకపోతే రోజూ కాస్త జరుపుతుండండి, ఆర్డిస్ గారూ. బూట్లన్నాక నడవాలి కదా.”

బండి వెళ్లిపోయింది. ఆర్డిస్ వంగి బూట్లు ఎత్తి, బోర్లించి దులిపింది. ఏమీ పడలేదు. కుర్చీలో కూర్చుని చేతులు రెంటిలోకీ దూర్చి, కంకర మీద ఒక్కో అడుగే వేయిస్తూ, ఆ ట్రాఫిక్ పోలీసు సగువారో ఎదురుగా కనిపించేలా రెండో కుర్చీ ముందుకి నడిపించింది.