కుడి చక్రం తాళం

చెవితో బతికేవాళ్లను లోకంలో చాలాచోట్ల చూశాను. గంటలు పోతపోసేవాళ్లు, పియానోలు శ్రుతి చేసేవాళ్లు, పుచ్చకాయను తట్టి కొనేవాళ్లు. అందరికీ ఒకటే జబ్బు: ఎదుటివాడి పేరు పెరిగితే నిద్ర పట్టదు. మెర్వ్ హాడ్కిన్‌కు ఆ జబ్బు అరవయ్యో ఏట పట్టింది.

ఎడారి అంచునున్న మా ముల్గాబీలో, నాలుగు చక్రాలూ లాగే బళ్లన్నీ నలభై ఏళ్లుగా అతనికే రోగాలు చెప్పుకునేవి. బండి కదలగానే టక్కుమంటే ఇరుసు కడ్డీ కీలు. మలుపులో మాత్రమే మూలిగితే చక్రం బేరింగు. టీ కప్పు కింద పెట్టకుండానే చెప్పేవాడు.

రెండేళ్ల కిందట డెల్ రాస్మసెన్ గనుల్లో పని మానేసి వచ్చి, రోడ్డుకు అవతల షెడ్డు వేసింది. ఆమె చెవిని నమ్మదు. ఒక్కో భాగమే విప్పి, బండి నడిపి, మోత ఆగిందో లేదో చూస్తుంది. నెమ్మది పనే, కాని గురి తప్పదు. జనం అటు మళ్లారు. మెర్వ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని అటు పోయే బళ్లను చూస్తూ కుమిలిపోయేవాడు. ఆమె కెటిల్ కూత కూడా అతనికి ఎత్తిపొడుపులాగే వినపడేది.

ఒక బుధవారం మధ్యాహ్నం టపా బండి నడిపే లోర్నా క్విస్ట్ ఇసుక దిబ్బలు దాటి వచ్చింది. తారు మొదలయ్యే చోట, పశువులు దాటకుండా వేసిన ఇనుప కమ్ముల దగ్గర ఎవరైనా బండి ఆపాల్సిందే. దిగి, ఇసుకలో ముందు చక్రాలు కూడా లాగేందుకు వాటి నడిమధ్యన బిగించిన తాళాలు రెండూ చేత్తో తిప్పి వదులు చేయాలి. లోర్నా ఎడమది తిప్పింది. అంతలో మెర్వ్ బండి ఎదురొచ్చి ఆగింది.

"కొత్త డాక్టరమ్మ దగ్గరికి పోతున్నావంట గదా?"

"టైరు వేయించుకున్నా, అంతే. నీ దగ్గర లేదన్నావు గదయ్యా."

"పో, పో. చెవుల్లో దూది పెట్టుకుని పుట్టింది ఆ మనిషి. బండిని గుల్ల చేసి పంపిస్తది."

"ఇది చెప్పడానికా ఎండలో నిలబెట్టావు? పెట్టెలో మాంసం కరిగిపోతోంది." విసుక్కుంటూ ఎక్కి పోయింది.

ఊళ్లోకి వచ్చేసరికి బండి ముందు వైపు గుర్రుమంటోంది. కాసేపు ఆగుతుంది, మళ్లీ మొదలు. మెర్వ్ మీద చిరాకుతో లోర్నా నేరుగా డెల్ దగ్గరికే పోయింది. డెల్ ముందుకు పోయే ఇరుసు కడ్డీ విప్పి నడిపి చూసింది. మోత పోలేదు.

"ముందు ఇరుసులోని పళ్లచక్రాల డబ్బా, డిఫరెన్షియల్, విప్పాలి. శనివారం దాకా ఆగాలమ్మా."

"రేపు తెల్లారి టపా పోవాలి. దారిలో పశువుల క్షేత్రాలు తొమ్మిది. ఆఖరి దాంట్లో ముసలాయనకు ఇన్సులిన్ నేనే తీసుకుపోవాలి."

రోడ్డుకు ఇవతల కుర్చీలో ఉన్న మెర్వ్‌కు ప్రతి మాటా వినపడింది. లోర్నా కుడి తాళం తిప్పకుండానే బండెక్కడం అతను చూశాడు. డెల్ అంతా విప్పుతుంది, ఏమీ దొరకదు, ఊరంతా చూస్తుంది. ఆ ఊహ తేనెలా ఉంది. ఒక కప్పు టీ హాయిగా తాగాడు. రెండో కప్పు పోసుకోబోయి, ఇన్సులిన్ మాట గుర్తొచ్చి, కెటిల్ పక్కన పెట్టేశాడు.

లేచి రోడ్డు దాటి, కుడి చక్రం దగ్గర మోకాలు వంచి, తాళం తిప్పాడు. టిక్కుమంది.

"ఇప్పుడు నడుపు."

బండి పిల్లిలా పోయి పిల్లిలా వచ్చింది.

"మెర్వ్ చెవంటే అదీ. రోడ్డవతల నుంచే పట్టేశాడు," అంది లోర్నా.

రెండేళ్లుగా అతను ఎదురుచూసిన మాట అదే.

డెల్ చేతులు తుడుచుకుంది. "ఎడమది వదులుగా ఉంటే కుడిదీ అంతేననుకున్నా. మా గని బళ్లకు ఈ తాళాలుండవు. ఎట్లా విన్నావో నాక్కూడా చెప్పు, మెర్వ్."

మెర్వ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "వినలేదు. ఈమె అది తిప్పబోతుంటే ఆపి, నిన్ను తిడుతూ నిలబడ్డా."

"ఏమని?"

"చెవుల్లో దూది పెట్టుకుని పుట్టావని."

డెల్ చాలాసేపు నవ్వింది. "నిజమే. అందుకే విప్పి చూస్తా." అతనికో కప్పు టీ పోసిచ్చింది.

తన టీకన్నా బాగుంది. "చక్కెర ఎక్కువైంది," అని, అడుగుదాకా తాగాడు.