మా కొండ మీద మంచు

మే నెలలో, గుంటూరు రోడ్ల మీద తారు చెప్పులకు అంటుకునే రోజుల్లో, మా ఊరి కొండ మీద మంచు ఉంటుంది. వెటకారం కాదు, నిజం. హైవే పక్కన పెద్ద బోర్డు కూడా పెట్టారు. ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని తెల్లటి వాలు మీద నవ్వుతూ జారుతుంటుంది. నేను పాఠాలు చెప్పే బ్రాడీపేట కోచింగ్ సెంటర్లో పిల్లలు "మీదే ఊరు సార్?" అని అడుగుతారు. చెప్పగానే "అబ్బ, స్నో రిసార్టు ఊరా! లక్కీ సార్ మీరు" అంటారు. అవునంటాను. క్లాసు మధ్యలో ఇంకేం చెప్పను?

అది కొండేనా అని నిజమైన కొండలు చూసినవాళ్లు నవ్వుతారు. పెద్ద గుట్ట, అంతే. చుట్టూ ఎటు చూసినా నల్లరేగడి, పత్తి, మిరప. ఆ చదును మధ్య లేచి నిలబడింది అదొక్కటే కాబట్టి మేం దాన్ని కొండే అన్నాం. పడమటి పక్క రైతుల ఊరు, తూర్పు వాలు మొదట్లో మా పాలెం. నలభై యాభై గడప ఉండేది. అందరం చర్చికి వెళ్లేవాళ్లమే, అందరం కూలికి వెళ్లేవాళ్లమే. కొండ పాదంలో పెద్ద బండ ఉండేది. రైతులు మిరపకాయలు దాని మీదే ఎండబెట్టేవారు. ఫిబ్రవరి వచ్చేసరికి బండంతా ఎర్రగా ఉండేది. గాలి మా వైపు తిరిగిందంటే పాలెమంతా తుమ్ములే. ప్రార్థన మధ్యలో పాస్టరు గారు తుమ్మితే సంఘమంతా తుమ్మేది, ఆమెన్ ఎవరన్నారో ఎవరు అనలేదో తెలిసేది కాదు.

బతికున్నప్పుడు కూలి చేయడానికి మాకు చుట్టూ పొలాలే. చచ్చిపోతే పెట్టుకోవడానికి జానెడు నేల ఉండేది కాదు. అందుకని మా తాతల కాలంలోనే కొండ తూర్పు వాలు మీద, తుమ్మ చెట్ల మధ్య, శవాలను పెట్టడం మొదలుపెట్టారు. కాగితం లేదు, కంచె లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా మా అమ్మ కామెర్లతో పోయింది. ఆమెకు చోటు చూసింది మా నాన్నే. ఆయన సంఘ పెద్ద. ఎవరి సమాధి ఎక్కడో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వాలు మీద ఉన్న నల్ల గుండురాయి దగ్గర్నించి అడుగులు వేసుకుంటూ వెళ్లి గొయ్యి తవ్వించాడు. పక్కన మనిషి పట్టేంత చోటు వదిలించాడు. పూడ్చడం అయ్యాక ఏడ్చే వాళ్లందరి ముందూ ఆ ఖాళీ చోటు మీద నిలబడి, "ఇది నాదిరా. దీన్లో ఇంకెవర్నీ పెట్టనివ్వొద్దు" అన్నాడు. అంతకు ముందెప్పుడూ ఆయన నన్ను ఏమీ కోరలేదు.

మా సమాధులకు సిమెంటు ఉండేది కాదు. మట్టి దిబ్బ, తలవైపు చెక్క సిలువ, అంతే. వానలకు దిబ్బలు కోసుకుపోతాయి, ఎండకు సిలువల రంగు ఊడిపోతుంది. అందుకని మా పాలెంలో ఒక పద్ధతి ఉండేది. ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం అయిన మర్నాడే, మగాళ్లంతా వాలెక్కి సిలువలన్నీ పీకి చర్చి అరుగు మీదికి తెచ్చేవారు. ఆడవాళ్లు ముళ్లకంప కొట్టి పాత దిబ్బలు పారలతో చదును చేసేవారు. సిలువలు గీకి, తెల్లరంగు వేసి, పేర్లు మళ్లీ రాయాలి. శనివారం కొత్త మట్టితో దిబ్బలు పోసి, నాన్న చెప్పిన చోటల్లా సిలువలు పాతేవారు. ఆదివారం తెల్లారేసరికి అందరం కొవ్వొత్తులతో అక్కడ ఉండి పాటలు పాడేవాళ్లం. పేర్లు రాసే పని నాది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని పాలెంలో పేరు. నాకూ ఆ సంగతి బాగా తెలుసు, కొంచెం ఎక్కువే తెలుసు.

అమ్మ పోయిన తర్వాత ఒక ఏడు, ఆ వారంలోనే, బుధవారం నాడు, ఆఫీసు వాళ్లు వచ్చారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన వీఆర్వో, ఇద్దరు సర్వేయర్లు, తెల్ల చొక్కా వేసుకుని కారు దగ్గరే నిలబడిన ఒకాయన. కొండ చుట్టూ కొలతలు వేస్తారట. మా వాళ్లకు అధికారులంటే ఎంత భయమో అంత మర్యాద. మజ్జిగ ఇచ్చారు, టేపు పట్టుకున్నారు, తుమ్మకొమ్మలు పక్కకు లాగి దారి చేశారు. పర్చూరు వైపు మిరప కోల్డ్ స్టోరేజీల్లో మూటలు మోసిన వాళ్లు మాలో చాలామంది. ఆ తెల్లచొక్కా ఆయన కోల్డ్ స్టోరేజీలు కట్టే మనిషని వాళ్లలో ఎవరో గుర్తుపట్టారు. అంతే, ఇక్కడా కోల్డ్ స్టోరేజీ పడబోతోందని పాలెమంతా పాకిపోయింది. ఇంటి ముందే పని దొరుకుతుందని ఆడవాళ్లు ఆ సాయంత్రానికే లెక్కలు వేసుకున్నారు.

కొలతలయ్యాక పంచనామా రాయాలన్నాడు వీఆర్వో. ఊళ్లో నలుగురు పెద్దలు సంతకాలు పెట్టాలి. ఆయనకు చెయ్యి బెణికింది, కట్టు ఉంది.

"ఎవరైనా రాసిపెడతారా?" అన్నాడు.

"మా వాడు రాస్తాడండి. వాడి అక్షరం అచ్చులో పోసినట్టుంటది" అన్నాడు నాన్న. ఆ మాటంటున్నప్పుడు ఆయన ముఖం ఎంత వెలిగిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"వాలు మీద ఏమైనా ఉన్నాయా? ఇళ్లు, గుడులు, పశువుల పాకలు?" అని వీఆర్వో అడిగాడు.

అందరం వాలు వైపు చూశాం. ఒక్క సిలువ లేదు, ఒక్క దిబ్బ లేదు. ముళ్లు కొట్టి, మట్టి సరిచేసి, ఊడ్చినట్టుంది. మా ఆడవాళ్ల పనితనం అది. నాన్న నన్ను పక్కకు లాగి చెవిలో అన్నాడు: "సమాధుల మాట ఎత్తబాకరా. సర్కారు పోరంబోకులో ఎవర్నడిగి పెట్టారంటే ఏం చెప్తాం? ఇన్నేళ్లూ ఎవరూ చూళ్లేదు. ఇప్పుడు కూడా చూడకుండా పోతే చాలు."

నాకూ అదే తెలివిగా తోచింది. చదువుకున్నవాణ్ణి గదా, నాన్న కంటే ఒక మెట్టు ఎక్కువే ఆలోచించాను. లేదని రాస్తే అసలు ప్రశ్నే రాదనుకున్నాను. వీఆర్వో చెబుతుంటే గుండ్రటి అక్షరాలతో రాశాను: సదరు కొండ తూర్పు వాలు ఖాళీగా ఉన్నది. అందు ఎటువంటి కట్టడములు గాని, ఎవరి అనుభవము గాని లేదు. కింద మొదటి సంతకం నాన్నది. ఆయన సంతకం నేర్పింది కూడా నేనే.

శనివారం మామూలుగానే దిబ్బలు పోసి సిలువలు పాతాం. ఇంకో రెండు ఈస్టర్లు మామూలుగానే గడిచాయి. గండం గడిచిందనుకున్నాం. మమ్మల్ని మేం మెచ్చుకున్నాం కూడా.

తర్వాత ఒక్కసారిగా అన్నీ జరిగాయి. మొదట ఇనుప కంచె వచ్చింది. తర్వాత బండ మీద మిరపకాయలు పోయొద్దన్నారు. పొక్లెయిన్లు వాలెక్కిన రోజు పాలెమంతా కొండ మీదికి పరుగెత్తాం. అక్కడున్న సూపర్‌వైజరు చెడ్డవాడేమీ కాదు. పని ఆపాడు, ఫోన్లు చేశాడు, సాయంత్రం వరకూ మాతో పాటు ఎండలో నిలబడ్డాడు. ఆఫీసులో తేల్చుకు రండి అన్నాడు. తేల్చుకు రావడానికి మేం వెళ్లిన వారంలోనే, ఒక పొద్దున చర్చి అరుగు ముందు ట్రాక్టరు ఆగింది. ట్రక్కులో మా సిలువలు. విరగకుండా వరసగా పేర్చి తాడు కట్టి తెచ్చారు. అంత జాగ్రత్తగా తెచ్చినందుకు తిట్టడానికి కూడా నోరు రాలేదు. అన్నిటి మీదా నా అక్షరాలే. అమ్మ పేరున్న సిలువను నాన్న తీసుకుని ఇంట్లో తలుపు వెనక పెట్టాడు.

ఆఫీసులో అధికారి మా అర్జీ మొత్తం చదివాడు. పక్క ఫైలు తెరిచి ఒక కాగితం తీసి, అర్జీ పక్కన పెట్టాడు. రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"ఈ రెండూ రాసింది ఒకరేనాండీ?" అన్నాడు.

"అవునండి, నేనే."

"దీన్లో ఖాళీ అని రాశారు, దీన్లో సమాధులున్నాయని రాశారు. నేను దేన్ని నమ్మాలి మాస్టారూ?"

నాన్న ఏదో చెప్పబోయాడు. ఆ వారం సిలువలు పీకే వారమని, దిబ్బలు చదును చేసే వారమని. చెబుతుంటే ఆయనకే అది అబద్ధంలా వినిపించినట్టుంది, మధ్యలో ఆపేశాడు. అధికారి కసురుకోలేదు. మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. పాస్టరు గారు ప్రార్థన చేద్దామన్నారు గానీ ఎవరూ తల వంచలేదు.

కోల్డ్ స్టోరేజీలకు వాడే గోడలతోనే కట్టారు ఆ మంచు హాలును. కాబట్టి మా వాళ్లు అనుకున్నది పూర్తిగా తప్పేమీ కాదు, లోపల మిరపకాయలు లేవంతే. వాలునే వాలుగా వాడుకుని, మట్టి పోసి ఎత్తు చేసి, పైన యంత్రాలతో మంచు కురిపించారు. తర్వాత హోటలు, కాటేజీలు వచ్చాయి. పాలెం కారు పార్కింగుకు కావలసి వచ్చింది. మాకు హైవే పక్కన కాలనీలో స్థలాలిచ్చారు. ఇప్పుడు పత్తి చేలు విల్లాలయ్యాయి. మిగిలిన రైతులు మిరపకాయల్ని సర్వీసు రోడ్డు మీద ప్లాస్టిక్ పట్టాలు పరిచి ఎండబెడుతుంటే, శనివారాల్లో వచ్చే కార్లు హారన్లు కొడతాయి. మా వాళ్లకు పనులు దొరికాయి, కాదనను. దుప్పట్లు మారుస్తారు, మంచు ఊడుస్తారు. మా పిన్ని వరసయ్యే ఆమె హాలు గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు, కోట్లు ఇస్తుంది. మిరపకోతలో నడుం పడిపోయేది, ఇక్కడ కుర్చీ ఉంది అంటుంది.

నాన్న మాత్రం తన మాట మీదే ఉన్నాడు. కాలనీలో మా చెల్లెలి ఇంట్లో ఉంటూ, నేను వెళ్లినప్పుడల్లా అడిగేవాడు. "నన్ను అక్కడ పెట్టనిస్తారేమో కనుక్కున్నావా? మూల మీదైనా పర్లేదురా. గోడ అవతలైనా సరే." చూద్దాం నాన్నా అనేవాణ్ణి. రిసార్టు మేనేజరుకు రెండుసార్లు ఉత్తరం రాశాను. చేత్తో రాయడానికి మనసొప్పక టైపు చేయించాను. జవాబు రాలేదు. ఏమని ఇస్తారు పాపం?

పోయిన వేసవిలో, నన్నొకసారి లోపలికి తీసుకెళ్లరా అన్నాడు. వద్దన్నా వినలేదు. గుమ్మం దగ్గర పిన్ని ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"బావా, నువ్వెందుకొచ్చావ్ ఇక్కడికి?" అంది. జవాబు కోసం చూడకుండానే వంగి ఆయన కాళ్లకు బూట్లు తొడిగింది. జీవితంలో బూట్లెరుగని కాళ్లు అవి.

లోపలంతా తెల్లగా ఉంది, చెవులు పగిలేలా సినిమా పాటలు. పిల్లలు ట్యూబుల్లో కూర్చుని కేకలు పెడుతూ జారుతున్నారు. నాన్న నా భుజం పట్టుకుని అటూ ఇటూ చూశాడు. గుండురాయిని ఎప్పుడో పేల్చేశారు. తూర్పేదో తెలియడానికి కిటికీ లేదు. ఒక మూల నుంచి అడుగులు వేశాడు, ఆగాడు, తల అడ్డంగా ఊపి మళ్లీ మొదటికొచ్చాడు. మూడోసారి మధ్యలోనే ఆగిపోయి అక్కడే మంచులో కూర్చున్నాడు. అరచేయి మంచు మీద పెట్టి ఉంచాడు. టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు ట్యూబుతో జారుకుంటూ వచ్చి ఆయనకు తగలబోయి పక్కకు పడి నవ్వాడు. గార్డు విజిలేసి, "తాతా, అక్కడ కూర్చోకూడదు, దెబ్బలు తగుల్తాయి" అన్నాడు. నేను లేపాను. చెయ్యి ముట్టుకుంటే కట్టెలా ఉంది.

బయటికి రాగానే వేడిగాలి ముఖాన కొట్టింది. నాన్న కోటు విప్పి పిన్నికి ఇచ్చి, వేప చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు చేతులు రుద్దుకున్నాడు.

"మీ అమ్మకి చలి పడదురా" అన్నాడు. "డిసెంబరొస్తే పొయ్యి దగ్గర్నించి లేచేది కాదు."

ఇన్నేళ్లుగా అనని మాట అప్పుడు అనేశాను. "నేనే రాశాను నాన్నా."

"రాయమంది నేనేగా" అన్నాడు. నా వైపు చూడలేదు. మామూలు గొంతుతో, కూర ఏం వండమంటావని అడిగినట్టు, "నన్ను కాలనీ వెనక కాలవగట్టున పెట్టండి. ఇక్కడికని ఎవర్నీ అడుక్కోబాక" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆయన అడిగినప్పుడల్లా చూద్దాం అన్నాను తప్ప ఒక్కసారి కూడా సరే అనలేదు. ఇప్పుడు మాత్రం ఆయన మాట పూర్తవకముందే సరే నాన్నా అన్నాను.