నూనె తాగిన జపాను రాయి

ఈమధ్య సెలూన్‌లో కూర్చుని ఉండగా, కాగితం పొట్లంలోనే బ్లేడును రెండుగా విరిచిన చప్పుడు వినిపించింది. సగం ముక్క కత్తికి తొడిగి, పని కాగానే చెత్తబుట్టలో పారేశారు. ఇప్పుడు నూరే బాధ లేదు. మా కాలంలో మంగలి పరువంతా కత్తి పదునులోనే ఉండేది. ఆ సంగతి నాకు నేర్పింది నంద్యాలలో మంగలి అంగడి నడిపిన మస్తానన్న. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక పటాలంలో మంగలిగా జపాను దాకా పోయి, తోటివాళ్లు గడియారాలూ పట్టుగుడ్డలూ తెచ్చుకుంటే, ఆయన కత్తి నూరే రాళ్లు మూడు మోసుకొచ్చాడు. ఇంట్లోవాళ్లు ఏమన్నారో ఎన్నడూ చెప్పలేదు.

సానరాయి మీద నూరిన కత్తికి చివరి నునుపు ఆ జపాను రాయే ఇవ్వాలి. ఆ పని ఆయన ఇంట్లో చేసుకొచ్చేవాడు, ఆయన దగ్గర పని నేర్చుకునే మాకు చూపేవాడు కాదు. పందొమ్మిదివందల యాభై ఆరు ప్రాంతంలో, మా ఆళ్లగడ్డలో సొంత అంగడి పెట్టుకుంటానన్నప్పుడు మాత్రం మూడింటినీ కడిగి నా ముందు పెట్టాడు. "ఒకటి ఏరుకోప్పా, నీకే." పచ్చగా, నున్నగా ఉన్న పెద్దరాయి మీద చెయ్యి వేశాను.

"రంగు చూసి ఏం చేస్తావ్? గడ్డానికి కండ్లుండాయా?" అంటూ నా గోటిని దాని చార వెంట లాగించాడు. గోరు తట్టుకుంది. ఆ చార కత్తి అంచును కొరికేస్తుందట. "నీళ్లు పోసి చూడు. గటగటా తాగేది మెత్తంది. చుక్క తాగనిదాని మీద కత్తి జారతాది. నిదానంగా తాగేదాన్ని పట్టుకో."

అలాగే చూసి, మూల విరిగిన బూడిదరంగు రాయి తీశాను. ఆయన దాని విరిగిన మూలను బొటనవేలితో తడిమాడు. "ఇది నువ్వు నూరుకునేదా అన్నా?" అని అడిగాను.

"ఏరుకోమన్నా, ఏరుకున్నావ్. ఇంగ మాట్లాడాకు. నూనె మాత్రం తగలనీయాకు. దీనికి నీళ్లే."

దసరాకు అంగడి తెరవాలనీ, మొదటి గడ్డం మస్తానన్నదే కావాలనీ అనుకున్నాం. ముందురోజు నేను కుర్చీ తేవడానికి పోయి వచ్చేసరికి, మా అమ్మ ఆయుధపూజ చేసేసింది. మా ఇళ్లలో సానరాయికి నూనె పెట్టడమే మర్యాద. నూనె వద్దన్న మాట ఆమెకు తెలుసు, కానీ పండగనాటి నూనెకు దోషమేముందనుకుంది. కత్తెరలతో పాటు దానికీ దండిగా నువ్వులనూనె పట్టించి, పసుపు పూసి బొట్టు పెట్టింది. రాయి నిదానంగా అంతా తాగేసింది.

తెల్లవారి మస్తానన్న బస్సు దిగి వచ్చాడు. "నీ రాయికే ముందు పూజ చేసినా మస్తానప్పా," అంది అమ్మ. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, "బాగా చేసినావక్కా," అన్నాడు. తర్వాత పెరట్లోకి తీసుకుపోయి, మా ఊరి శిల్పులు పారేసిన గరుకు బండ మీద ఇసుకా నీళ్లూ వేసి అరగదీశాడు. సగం మందం పోయినా నీళ్లు ఇంకలేదు, కత్తి పెడితే జారింది. అలాంటిది మళ్లీ తెచ్చే దారి లేదు. నాకు ఏడుపొచ్చింది.

"కత్తి తే. జనం చూస్తాండారు," అని ఆయన పోయి కుర్చీలో కూర్చున్నాడు. సానరాయి పదునుతోనే గీశాను. కత్తి వెంట్రుకను కోయకుండా లాగుతోంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, దవడ మాత్రం కదపలేదు. వాకిట్లో నిలబడిన అమ్మ ఆత్రంగా, "ఎట్లుండాదప్పా?" అని అడిగింది.

"వెన్న మాదిరి పోతాండాదక్కా," అన్నాడు.

ఆ మాటకు బయటున్నవాళ్లు ముందుకొచ్చారు. నా అంగడి మామూలు సానరాయితోనే నడిచింది. అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ జపాను రాయే నడిపిందనుకుంది. ప్రతి దసరాకూ మొదట దానికే నూనె పెట్టేది. సీసా నేనే అందించేవాణ్ణి.