స్లాబుకు చికిత్స

నేను తెలుగు పండితురాలిని. లెక్కల్లో తప్పు చేశానంటే ఒప్పుకుంటాను గానీ, తెలుగు మాటలో తప్పు పట్టారంటే నాకు ముక్కు మీద కోపం. అలాంటి నేను మా బడి వరండాలో, వచ్చేపోయేవాళ్ళంతా చదివే చోట, సొంత చేతిరాతతో ఒక పెద్ద తప్పు రాసి గోడకు అతికించాను. ఆ తప్పు పుణ్యమా అనే మా బడి నిలిచిందని ఇప్పటికీ అనుకుంటాను.

గరిడేపల్లి దగ్గర చిన్న ఊరు. మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కి రోజూ వెళ్ళివచ్చేదాన్ని. హెడ్మాస్టరు బాధ్యత కూడా నా నెత్తినే ఉండేది. ఉన్నవి రెండు గదులు. అందులో ఒకటి వానొస్తే కారేది. ఒక వానాకాలం పైనుంచి పెచ్చు ఊడి నాలుగో తరగతి అమ్మాయి పక్కనే పడింది. జానెడు ఇటు పడితే నెత్తి మీదే. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తల్లి వచ్చింది. నాట్లకూ కలుపులకూ పోయే మనిషి, మాట సూటి.

"మేడం, నా బిడ్డ టీసీ ఇయ్యుండ్రి. కోదాడల ప్రైవేటు బడిల ఏస్త. సదువుదేమున్నది, నెత్తి పలిగితే మల్ల తెస్తమా?"

ఆమె వెనక ఇంకో ఆరుగురు తల్లులు నిలబడ్డారు. ఆమె తీసుకుపోతే వాళ్ళూ తీసుకుపోతారు. పిల్లలు తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. కొత్త గది మంజూరైందనీ, వచ్చే జూన్‌కల్లా తయారవుతుందనీ బతిమాలాను.

"సరే, ఒక్క వాన సూస్త. కారకుంటే ఉంచుత" అంది. టీసీ దరఖాస్తు మాత్రం నా టేబుల్ మీద పెట్టే వెళ్ళింది. దాన్ని సొరుగులో దాచాను. సొరుగు తెరిచినప్పుడల్లా అది నన్నే చూసేది.

గది కట్టే కాంట్రాక్టరుతో రాసుకున్న అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంది. ఇటుక ఎలాంటిది, ఇసుక ఎలాంటిది, సిమెంటు ఎంత పాలు, నీళ్ళు ఎవరు తెచ్చుకోవాలి, పనితనం ఎలా ఉండాలి, బాగాలేని సామాను ఎన్నాళ్ళలో తీసుకుపోవాలి, అన్నీ ఉన్నాయి. బడి కమిటీలోని తల్లిదండ్రులు "మాకు తెలుగుల సెప్పాలె" అన్నారు. నాకంటే తగినవాళ్ళెవరని రెండు ఆదివారాలు నిఘంటువు పక్కన పెట్టుకొని అనువదించాను. చార్టు మీద గుండ్రటి అక్షరాలతో రాసి వరండా గోడకు అతికించాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

కాంట్రాక్టరు దగ్గర పని గుత్తకు పట్టిన మేస్త్రీది కోదాడ. అరవై దాటిన మనిషి. మాటలో మా యాసా, సరిహద్దు అవతలి యాసా కలగాపులగంగా ఉండేవి. వచ్చిన మొదటి రోజే చేతులు వెనక్కి కట్టుకొని చార్టంతా చదివాడు.

"మేడం గారూ, ఆంగ్ల బంధం అని రాశారు. దొరలతో మనకు చుట్టరికమా అండీ?"

ఇటుకలు పేర్చే ఒక పద్ధతిని ఇంగ్లీష్ బాండ్ అంటారట. అది నాకప్పుడు తెలిసింది.

"ఇది జర చూడండి. 'స్లాబునకు పద్నాలుగు దినములు చికిత్స చేయవలెను.' ఏ దవాఖానకు తీసుకపోవాలె మేడం, సూర్యాపేటకా, మిర్యాలగూడకా?"

వరండాలో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ పిల్ల తల్లి అయితే కొంగు నోట్లో కుక్కుకుంది. అగ్రిమెంటులో ఉన్న క్యూరింగ్ అనే మాటకు అర్థం, స్లాబు గట్టిపడేదాకా నీళ్ళు పట్టడమట. నా నిఘంటువుకు అది తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు ఇటుకలు చూసుకోండి, మాటలు నేను చూసుకుంటాను" అని చార్టు చింపబోయాను.

మేస్త్రీయే ఆపాడు. "ఉండనీయండి మేడం. నీళ్ళు పట్టుడంటే ఎవరైనా రెండు బకెట్లు గుమ్మరించి పోతరు. చికిత్స అంటే జర భయముంటది."

ఆయన వేళాకోళం మాటల వరకే. మూడో రోజు ట్రాక్టరులో ఇసుక వచ్చింది. అందినట్టు నేను సంతకం పెట్టబోతుంటే ఆగమన్నాడు. ఖాళీ వాటర్ బాటిల్లో సగం దాకా ఇసుక పోసి, నీళ్ళు నింపి, బాగా గిలక్కొట్టి కిటికీలో పెట్టాడు. "మీ పాఠం అయినంక వచ్చి చూడండి" అన్నాడు. వచ్చి చూస్తే అడుగున ఇసుక, దాని మీద రెండు వేళ్ళ మందాన మన్ను.

"ఇది నాటెయ్యనీకి మంచిగుంటది మేడం. స్లాబుకు పనికిరాదు."

కాంట్రాక్టరు మనిషి మొహం మాడ్చుకున్నాడు. "అన్ని సైట్లల గిదే ఏస్తున్నం. మీరెందుకు పరేషాన్ అయితరు?" అన్నాడు. అతణ్ణి చార్టు దగ్గరికి తీసుకెళ్ళి, బడిపిల్లవాడి చేత చదివించినట్టు ఒక వాక్యం పైకి చదివించాను. 'నిరాకరించిన సామగ్రిని ఒక్క దినములోగా స్థలమునుండి తొలగించవలెను.' ఆ వాక్యంలో తప్పు లేదు. మర్నాటికి ఆ ఇసుక పోయి మంచి ఇసుక వచ్చింది. తనకు పనిచ్చే కాంట్రాక్టరుకే మేస్త్రీ ఎదురు నిలిచాడన్న సంగతి ఆ కోపంలో నాకు తట్టలేదు. తరవాత తట్టి, అన్నం తింటూ తింటూ ఆగిపోయాను.

మే నెలలో, బడికి సెలవులిచ్చాక, స్లాబు వేశారు. దాంతో మేస్త్రీ గుత్త ఖతం. నీళ్ళు పట్టడం అగ్రిమెంటు ప్రకారం కాంట్రాక్టరు పని. అతను పెట్టిన కాపలామనిషి మూడో రోజున పెళ్ళికని పోయి మళ్ళీ రాలేదని ఊరినుంచి కబురొచ్చింది. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. బయట నిప్పులు చెరిగే ఎండ. నాలుగో రోజు పొద్దున్నే మిర్యాలగూడలో దొరికిన బస్సెక్కి వెళ్ళాను. స్లాబు నెర్రెలిచ్చి ఉంటుందనీ, సొరుగులో కాగితం మీద సంతకం పెట్టక తప్పదనీ దారి పొడుగునా అదే దిగులు.

వెళ్ళి చూస్తే స్లాబు మీద మేస్త్రీ ఉన్నాడు. పక్కన ఆ పిల్ల తల్లి. ఇద్దరూ మట్టితో ఒడ్లు వేసి స్లాబునంతా చిన్న చిన్న మడులు చేశారు. వరి పండించే ఊరికి మడి కట్టడం ఎవరు నేర్పాలి? బడి బోరు నీళ్ళు అన్ని మడుల్లోనూ నిండుగా నిలబడి ఉన్నాయి.

"నారు తెప్పియ్యుండ్రి మేడం, నాటేస్త!" అని ఆమె పైనుంచి కేకేసింది.

"మీ పని అయిపోయింది కదండీ?" అని మేస్త్రీని అడిగాను.

"మిర్యాలగూడలో కొత్త పని దొరికింది మేడం. దారే కదా, దిగి పేషెంటును చూసి పోతున్న."

మిగిలిన రోజులన్నీ అదే వరస. కోదాడలో మొదటి బస్సెక్కి వచ్చి, మడుల్లో నీళ్ళు చూసి, తెగిన ఒడ్డు సరిచేసి, తరవాతి బస్సుకు మిర్యాలగూడ వెళ్ళేవాడు. మధ్యాహ్నాలు ఆమె చూసుకునేది. అగ్రిమెంటులో వీళ్ళిద్దరి ఊసే లేదు. పద్నాలుగో రోజున ఆయన ఒడ్లు తీసేసి, వేళ్ళ కణుపులతో స్లాబును తట్టి చెవి ఆనించి విన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజే చేతులు జోడించి కృతజ్ఞత చెప్పవలసింది. అంతటి తెలుగు చేతిలో ఉండీ, "టీ తాగుతారా" అని మాత్రం అడిగాను.

బడి తెరిచిన రెండో వారంలో వాన పట్టుకుంది. పాత గది ఎప్పటిలాగే కారింది. పిల్లలందరినీ కొత్త గదిలో కూర్చోబెట్టాను. ఆ తల్లి తడుచుకుంటూ వచ్చింది. పైకి చూస్తూ గదంతా తిరిగింది. నాలుగు మూలలూ చూసింది, ఫ్యాను కొక్కెం కింద అరచెయ్యి పట్టి నిలబడింది. తరవాత బిడ్డ పక్కన నేల మీద కూర్చుని వాన వెలిసేదాకా కదల్లేదు.

లేస్తూ, "గా కాయితం ఇటియ్యుండ్రి మేడం, పొయ్యిల ఏస్త" అంది.

సొరుగు లాగి ఇస్తున్నప్పుడే ఫోను మోగింది. మేస్త్రీ.

"ఇప్పుడు సూర్యాపేటల పని చేస్తున్న మేడం, ఇక్కడ వాన దంచి కొట్టింది. అక్కడ?"

"ఇక్కడా అంతేనండీ."

"మరి పేషెంటు?"

"బాగుంది. ఒక్క చుక్క కారలేదు" అన్నాను.



"మంచిది మేడం. వాన మొదలైన కాడినుంచి నాకు చేతులాడలేదు. తాపీ కింద పెట్టి కూర్చున్న. ఇగ పోయి పని చేసుకుంట."