జనం లేని ఊరి అర్జీ

మా ఊళ్లో మనుషులు లేరని జనాభా లెక్కల్లో రాశారు. అప్పుడు మేము ముప్పై ఇళ్లవాళ్లం. మా అమ్మ కాలికి నారికురుపు లేచి మంచంలో మూలుగుతోంది. లేని ఊళ్లో ఆ మూలుగు ఎవరిదని నన్ను అడగకండి, రాసినవాళ్లను అడగండి.

మా పొలాలు వాగుకు తూర్పున, నాగర్‌కర్నూలు తాలూకా దిక్కు. పాత ఊరూ అక్కడే ఉండేది. నేను పుట్టకముందు ప్లేగు వస్తే, బతికినవాళ్లు కుండలూ చాటలూ నెత్తిన పెట్టుకుని వాగు దాటి, పడమటి మిట్ట మీద ఇళ్లు వేసుకున్నారట. ఆ మిట్ట వనపర్తి సంస్థానం హద్దులో, పక్క ఊరి శివారు. ప్లేగుకు పారిపోయేవాడు హద్దురాయి చూసుకుని పరుగెత్తుతాడా? ఊరి పేరు మాత్రం మాతోపాటే వాగు దాటింది.

పంతొమ్మిది వందల నలభై ఒకటి జనాభా లెక్కలకు ఒక బడిపంతులు వచ్చాడు. ఎర్రటి గేరు రంగు డబ్బాతో ప్రతి ద్వారబంధానికీ నంబరు వేసి, అమ్మ మంచం పక్కన కూర్చుని పుస్తకం తెరిచాడు.

"ఏ ఊరు రాస్తున్నవు పంతులు?" అంది అమ్మ.

"పక్కూరమ్మా. ఈ మిట్ట దాని శివారే గద."

"మరి మా ఊరో?"

"వాగవతల నాకు పనిలేదు. ఆ పుస్తకం వేరే ఆయన తాన ఉంటది."

"ఆయన ఎవలను రాస్తడు? ఆడ మా బర్లు మేస్తున్నయి, వాటిని రాస్తడా?"

"బర్ల లెక్క వేరే ఉంటదమ్మా," అని నవ్వి, పంతులు డబ్బాకు మూత పెట్టాడు.

ఈ హద్దుల కోతలన్నీ ఎట్లా కోస్తారో నేను తరవాత చదివి తెలుసుకున్నాను, బడికి పోయి కాదు. రాజ్యాన్ని జిల్లాలు చేస్తారు, జిల్లాను తాలూకాలు, తాలూకాను మౌజాలు. మౌజా అంటే శిస్తు కోసం రాళ్లు పాతి కొలిచిన ఊరు. దానిలోని ఇళ్లను పంచి, ఒక్కొక్క వంతుకు ఒక మనిషినీ ఒక పుస్తకాన్నీ పెడతారు. ఎవరూ రెండుసార్లు పడకూడదు, ఎవరూ తప్పిపోకూడదు. ఉపాయం మంచిదే, కాదనను. మేమూ తప్పిపోలేదు, పక్క ఊళ్లో పడ్డాం. కానీ ఆ రాళ్లు జొన్నచేలను కొలవడానికి పాతినవి. చేను ఉన్నచోటే ఉంటుంది. మనిషి ప్లేగొస్తే లేచి నడుస్తాడు. ఈపాటి సంగతి అంత పెద్ద సర్కారు కచేరీలో ఒక్కడికీ తట్టలేదు!

వాగవతల రాసే ఆయన పాత ఊరికి పోయి, కూలిన గోడలు చూసి, 'బేచిరాగ్' అని రాశాడు. కాపురాలు లేని ఊరిని కచేరీలో అట్లా అంటారు. అబద్ధమా అంటే అదీ కాదు. అదే నా కడుపుమంట.

ఆ రోజుల్లో నారికురుపు ఊళ్లకు సర్కారు, నీళ్లలో దిగకుండా పైనుంచే చేదుకునే గిరకబావులు తవ్విస్తోంది. మాది దిగుడుబావి. కురుపు కాళ్లు దిగేదీ ఆ నీళ్లలోకే, కడవలు ముంచేదీ ఆ నీళ్లలోనే. అమ్మ కాలి నుంచి బయటికొచ్చే పురుగును ఈనెపుల్లకు చుట్టి, రోజుకింత చొప్పున లాగేవాళ్లం. తెగితే కాలు పోయినట్టే.

బావి కోసం ముందు పక్క ఊరి పట్వారీ దగ్గరికి పోయాను.

"మా మౌజాకు బావి ఉన్నది. ఇంకోటి యాడికెల్లి వస్తది?" అన్నాడు.

"అది మాకు కోసెడు దూరం, పట్వారీగారూ."

"ఈ కాగితంల దూరం రాసే ఖానా లేదు, నేనేం జేయాలె?"

సరే, మా పొలాలున్న మౌజా పేరుతోనే అడుగుదామని ఉర్దూలో అర్జీ రాశాను. ఆ అక్షరాలు మైలురాళ్ల మీద నేర్చుకున్నవి. ముప్పై ఇళ్ల వేలిముద్రలు పెట్టించి, తాలూకా కచేరీకి నడిచిపోయాను. గుమాస్తా ఊరిపేరు చూసి రిజిస్టరు తిప్పాడు.

"బేచిరాగ్ గదనే ఇది! ముద్రలు దయ్యాలు వేసినయా?"

"దయ్యాలకు నారికురుపు లేస్తదా సారు?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. "పెట్టి పో" అన్నాడు.

రెండు వానకాలాలు పోయాయి. పురుగు సగంలో తెగి, అమ్మ కాలు మోకాలి దగ్గర వంగకుండా బిగుసుకుపోయింది. కర్ర పట్టుకునే చేనుకు వస్తోంది. ఒకనాడు కచేరీ జవాను పాత ఊరి గోడల మధ్య తిరిగి తిరిగి, చివరికి మా చేను గట్టు మీద నిలబడి కేకేశాడు.

"ఈ ఊరోళ్లు ఎవలన్న ఉన్నరా? కాగితం ఇయ్యాలె!"

"ఉన్నం, తే," అని అమ్మ చెయ్యి చాచింది. కాగితం అందుకుని నాకిచ్చింది. "ఏం రాసిన్రు బిడ్డా? బాయి ఇస్తరంటనా?"

నేను చదివి, తెలుగులో చెప్పాను:

"సదరు మౌజా జనాభా లెక్కలలో బేచిరాగ్‌గా నమోదు అయి ఉన్నది. నివాసులు లేని మౌజాకు తాగునీటి బావి అవసరం లేదు గనుక అర్జీ నామంజూరు. ఈ జవాబును సదరు మౌజా నివాసులకు చదివి వినిపించవలెను."