యాదక్కకు గొట్టం తీసిన రోజు

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం, వానాకాలం. సికింద్రాబాద్‌లో కార్ఖానా దగ్గరి ఒక చిన్న ఆస్పత్రిలో, ఆడవాళ్ల వార్డులో నేను ఆయాను. ఆ రోజు పొద్దుటి నుంచి సన్నని జల్లు. కిటికీ అద్దాల మీద నీళ్లు జారుతుంటే వార్డంతా నీటి అడుగున ఉన్నట్టు మసకమసకగా ఉంది.

మూడో మంచం యాదక్కది. యాప్రాల్‌లో రోడ్డు పక్కన పూలమాలలు అమ్మేది. గర్భసంచి కిందికి జారితే రెండు రోజుల కింద ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత మూత్రానికి గొట్టం ఉంటుంది, క్యాథెటర్ అంటారు. అది తీశాక సొంతంగా పోయాలి. లేకపోతే మళ్లీ గొట్టం, దాని సంచితోనే ఇంటికి.

పొద్దున తీశారు. మధ్యాహ్నమైనా చుక్క రాలేదు. రెండుసార్లు బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాను, రెండుసార్లూ చిన్నబోయి లేచింది. సిస్టర్ స్కాన్ పెట్టి చూసి, బ్లాడర్ నిండింది, ఇంకో అరగంట చూసి గొట్టం వేస్తానంది.

"సంచి వేలాడేసుకొని బేరం కాడ ఎట్ల కూసోవాలె చెల్లె? దేవునికి పెట్టే పూలాయె," అంది యాదక్క.

మూడోసారి కూర్చోబెట్టినప్పుడు చూశాను. ఆమె కుడిచేయి కిందికి పోతోంది, ఉలిక్కిపడి వెనక్కి వస్తోంది. ఇంటి దగ్గర ఎట్లా పోయేదానివని అడిగాను. తల వంచుకొని చెప్పింది. జారినదాన్ని వేలితో పైకి నెట్టి పట్టుకుంటేనే వచ్చేదట. ఎనిమిదేళ్లుగా అంతే. డాక్టరమ్మకు కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు నెట్టడానికి ఏమీ లేదు, ముట్టుకుంటే కుట్లు ఊడతాయని భయం.

సిస్టర్‌ను అడిగి వచ్చాను. చేయి పెట్టొద్దు, ముక్కొద్దు, నిమ్మళంగా కూర్చుంటే చాలంది. కానీ ఆ చేయి ఊరుకోదే. మల్లెలు ఎట్లా అల్లుతావు, చేసి చూపించమన్నాను.

"పూలేడున్నయే, పిచ్చిదానా?"

"ఉన్నయనుకో."

కళ్లు మూసుకుంది. "అటు రెండు, ఇటు రెండు, నడుమ ముడి," అంటూ వేళ్లు గాలిలో కదిలాయి. ఆ చిన్న గదిలో నాకు కూడా మల్లెల వాసన వచ్చినట్టే అయింది. ఎన్ని మూరలయ్యాయో ఏమో, ఆమె మాట ఆగింది. వానలో కలిసిపోయేంత సన్నగా చప్పుడు మొదలైంది.

"దారం తెంపకు అక్కా," అన్నాను.

మళ్లీ స్కాన్ చేస్తే లోపల మిగిలింది కొంచెమే. గొట్టం లేకుండానే ఇంటికి పోయింది.

అప్పటి నుంచి ఇలాంటి ఆపరేషన్‌కి వచ్చిన వాళ్లను ముందే, పరదా లాగి, మెల్లగా అడుగుతాను, ఇన్నాళ్లు ఎట్లా పోయేదానివని. చాలామంది మొదట నవ్వేస్తారు. ఆ నవ్వు అయిపోయేదాకా పక్కనే కూర్చుంటాను.