కొన్న ఆటా, కొత్తకాయా

మొన్న వేసవి సెలవులకు మా అమ్మాయి కూతురు మా ఊరు పెదబయలు వచ్చి నా దగ్గర కొన్నాళ్ళు ఉంది. వస్తూ చేతిలో పట్టుకుని ఆడుకునే ఒక ఆటపెట్టె తెచ్చుకుంది. అందులో పడవ నడుపుకుంటూ దీవులు వెతికే ఆట ఒకటి ఉందట, పుట్టినరోజుకు వాళ్ళ నాన్న కొనిచ్చాడట. ఒకనాటి సాయంత్రం గాలివానకు ఊళ్ళో నెట్ పోయింది. మర్నాడు పొద్దున్నే పిల్ల ఆ పెట్టె పట్టుకుని ముఖం వేలాడేసుకుని వంటింట్లోకి వచ్చింది. ఆట తెరుచుకోవడం లేదు. లైసెన్సు సరిచూడాలి, నెట్‌కు కలపండి అని మాత్రం తెర మీద రాసి ఉంది.

"కొన్నాం కదా అమ్మమ్మా! నాదేనని మళ్ళీ ఎవరికి చెప్పుకోవాలి?" అంది, ఆ తప్పేదో నాదే అయినట్టు.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి మా అమ్మ నేర్పిన చదువే నా చదువు. అందుకని నాకు అర్థమయ్యేట్టు పిల్లే నిదానంగా చెప్పింది. దుకాణంలో డబ్బాలో పెట్టి ఇచ్చే ఆట కాదట ఇది, గాలిలోంచే పెట్టెలోకి దిగుతుందట. మనం కొనేది ఆటను కాదట, ఆడుకునే అనుమతినట. అప్పుడప్పుడు ఆ పెట్టె ఎక్కడో సముద్రాల అవతల ఉన్న యంత్రాన్ని, ఈ పిల్ల ఆడుకోవచ్చునా అని అడుగుతుందట. అవునని జవాబు వస్తేనే తలుపు తీస్తుందట. వింటూంటే నాకు కోపం రాలేదు సరికదా, అబ్బురమనిపించింది. ఈ కొండల నడుమ పిల్ల ఒక మీట నొక్కితే, అంత దూరాన ఏదో ఒకటి దీని పేరు వెతికి చూస్తుందా అని పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోకుండా నిలబడిపోయాను.

మనది అనుకున్నదాన్ని ముట్టుకోవడానికి ఇంకొకరి అనుమతి కోసం చూడటం మాత్రం నాకు కొత్త కాదు. మా నాన్న మైదానం నుంచి వచ్చి ఈ సంతవీధిలో కిరాణా కొట్టు పెట్టినప్పుడు ఇల్లు కొన్నాడు. దానితోపాటు పెరట్లో ఒక మామిడిచెట్టు కూడా మాదైంది. అయితే ఇక్కడి కొండవాళ్ళకు ఒక కట్టు ఉంది. మామిడి కొత్త అని పండుగ చేసి, తొలికాయ అమ్మవారికి పెట్టిన తర్వాతే ఎవరైనా కొత్తకాయ కొరకాలి. చెట్టు ఎవరిదైనా సరే, కాయలు చేతికందేలా వేలాడుతున్నా సరే. రోజుని పెట్టేది దిసారి, అంటే మంచిచెడ్డలు లెక్కగట్టి చెప్పే పెద్దాయన.

ఒక ఏడాది మా అక్కకు చలిజ్వరం పట్టుకుంది. జ్వరమైతే తగ్గింది గానీ తిండి మీద మనసు తిరిగి రాలేదు. గంజి నోట్లో పోస్తే పెదవి చివర నుంచి కారిపోయేది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. అమ్మ దేవుడి ముందు దీపం కొండెక్కనివ్వకుండా నూనె పోస్తూ కూర్చునేది. అలాంటి పిల్ల ఒక పొద్దున కిటికీలోంచి చెట్టు చూసి, ఉప్పు అద్దుకుని ఒక్క మామిడిముక్క తింటానంది. నాన్న ఇంకేమీ ఆలోచించకుండా కాయలు కోసే దోటీ పట్టుకుని పెరట్లోకి నడిచాడు. పండుగ ఇంకా చాలా దూరంలో ఉంది.

మా ఇంటికి విస్తళ్ళు కుట్టే అడ్డాకులు తెచ్చిచ్చే కొండ అవ్వ అప్పుడే మోపు దించుకుంటోంది. దోటీకి అడ్డం వచ్చి నిలబడింది.

"ఏటి సేత్తన్నావు సావుకారి బాబూ?"

"నా చెట్టు అవ్వా, నా పిల్ల."

"సెట్టు నీదే, కాదన్నోడెవుడు? గుంట మాత్రం నీ ఒక్కడి పిల్లేనేటి? ఆగు. బేగి ఎల్లి దిసారినడిగొత్తాను."

మోపు అక్కడే వదిలేసి ఆ ముసలామె కొండ ఎక్కింది. నాన్న దోటీ చెట్టుకు ఆనించి, అరుగు మీద కూర్చుని ఆ దారివంకే చూశాడు. ఆమె వచ్చేలోపు ఏమవుతుందోనని అమ్మ భయం. నేను అక్క పక్కన కూర్చుని దాని ఊపిరి వింటున్నాను.

ఎండ నెత్తికెక్కే వేళకు డప్పు చప్పుడు వినిపించింది. దిసారి, ఊరి పెద్దలు, వెనక ఆడవాళ్ళు వరసగా దిగివస్తున్నారు. ఒక్క పిల్ల కోసం కొండ మొత్తం తన పండుగను ముందుకు జరుపుకుంది! దిసారి గుమ్మంలోకి తొంగిచూసి, "అమ్మోరికన్నా ముందు దీనికే ఆకలేసిందేటి! పెద్ద పేరంటాలే!" అన్నాడు. అన్నాళ్ళకు అక్క నవ్వింది. మా చెట్టు తొలికాయే కోసి, బియ్యంతో పాటు అమ్మవారికి పెట్టి, మిగిలింది గోరంత ముక్కలుగా అందరికీ పంచి, ఒక ముక్క అడ్డాకులో పెట్టి అక్క చేతికిచ్చారు. చెంపలు పులుపుకు ముడుచుకుపోతూండగా అక్క దాన్ని కాస్సేపు చప్పరించి, గంజి తెమ్మని అమ్మను అడిగింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వాటంతటవే జోడవుతాయి.

ఇప్పుడు సంతలోకి పండుగకు ముందే లారీలలో మామిడికాయలు వస్తున్నాయి. పై ఊళ్ళలో ఇంకా ఆగేవాళ్ళు ఆగుతూనే ఉన్నారు, వాళ్ళు చల్లగా ఉండాలి. పిల్ల ఆట గురించి నేను, పోనీ ఆ యంత్రం దగ్గరున్న మనుషులకు ఇక్కడ గాలివాన వచ్చిందని చెప్పుకోలేమా అని అడిగాను. "అక్కడ ఎవరూ ఉండరు అమ్మమ్మా" అంది. రెండోనాటికి నెట్ వచ్చింది, ఆటా తెరుచుకుంది. ఇంత దూరాన ఉన్న పసిదాన్ని గుర్తుపట్టినందుకు ఆ యంత్రానికీ మనసులో ఒక దండం పెట్టుకున్నాను. అయినా ఏదో వెలితి. అప్పటికే పిల్లకు ఆట మీద ఉబలాటం పోయింది, పెట్టె పక్కన పడేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి అనుమతి ఇచ్చినవాళ్ళకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. ఆనాడు కొండ దిగివచ్చినవాళ్ళు మాత్రం మా అక్క గంజి తాగి, గిన్నె అమ్మకు తిరిగి ఇచ్చేదాకా మా వాకిట్లోంచి కదలలేదు.